కాపరి పైన చిలగడదుంప

మిషన్ కాంపౌండు, బాలికల హాస్టలు
8 జనవరి 2001

ఆరాధనకి,

మీ వదిన కొండమ్మ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాళ్ళు తప్ప. నువ్వు పంపిన ఆయింట్‌మెంటు రాసుకుంటున్నా. నొప్పి తగ్గలేదు గానీ ఆ వాసనకి పిల్లులు వంటింట్లోకి రావడం మానేశాయి. అదొక మేలు.

ఉత్తరం ఇంటికి కాకుండా నీ ఆసుపత్రికి ఎందుకు రాశానో నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఇది నీ మొగుడి, అదే నా తమ్ముడి, కంట పడకూడదు. ఫోను చేద్దామంటే హాస్టలు ఫోను పాస్టరుగారి గదిలో ఉంది. ఊళ్ళో ఎస్టీడీ బూతు పీరుది. అక్కడ నేను మాట్లాడిన మాట నేను ఇంటికి చేరేలోపే మా ఇంటికి చేరి నాకోసం కూచుని ఉంటుంది.

సంగతేంటంటే, ఎడిత్ దొరసానమ్మ వస్తోంది. నువ్వు చూడలేదు గానీ పేరు విని ఉంటావు. ఈ కాంపౌండు డిస్పెన్సరీలో పన్నెండేళ్ళు నర్సుగా చేసి అరవైతొమ్మిదిలో ఇంగ్లండు వెళ్ళిపోయింది. మా అమ్మ పుల్లమ్మ ఆవిడ బంగళాలోనే వంట చేసింది. ఇప్పుడావిడకి ఎనభై దగ్గర. పోయేలోపు ఒకసారి ఇక్కడంతా చూసి పోతానని మన పాస్టర్ అనిల్ కుమార్ గారికి ఉత్తరం రాసింది. ఫిబ్రవరి ఇరవైనాలుగు శనివారం మధ్యాహ్నం భోజనానికి వస్తుంది.

పాస్టరుగారు నన్ను పిలిపించి, "పుల్లమ్మ చేసిపెట్టిన షెపర్డ్స్ పై ఇంకొక్కసారి తినాలని ఉందట" అన్నాడు.

"షెపర్డ్ అంటే కాపరి కదండీ. ఆ కాపరి పైన ఏంటండీ?" అన్నా.

"పైన ఏమీ లేదమ్మా. పై అంటే వంటకం."

"వంటకాన్ని కాపరి పైన ఎందుకు పెడతారండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు కూడా లేని పిల్లాడు, నాతో వేగలేడు. "నీకు రాకపోతే చెప్పమ్మా, గుంటూరు నుంచి హోటలు మనిషిని పిలిపిస్తా" అన్నాడు.

అక్కడే నాకు కాలింది. ఇరవయ్యేళ్ళ నుంచి ఈ వంటింట్లో నూట ఇరవైమంది పిల్లలకి వండి పోస్తున్నా. మా అమ్మ చేసిన వంట హోటలువాడు వచ్చి చేస్తే, నేను పక్కన నిలబడి కొత్తిమీర గిల్లాలా? వచ్చునని చెప్పేశా. రాదు. అమ్మ అది చేసే రోజుల్లో నేను పధ్నాలుగేళ్ళదాన్ని, నాన్నతో మిరపకాయల కోతకి పోయేదాన్ని. నీ మొగుడు ఎనిమిదేళ్ళవాడు, అమ్మ కొంగు వదిలేవాడు కాదు. బంగళా వంటింట్లో బల్ల కింద కూచుని కింద పడ్డవీ, పడకముందువీ మేశాడు. వాడికి తప్పకుండా తెలిసి ఉంటుంది. పైగా ఇప్పుడు అక్కడ క్లబ్బులో వంటవాడుగా అట్లాంటివే వండుతున్నాడు కూడా.

వాణ్ణి నేను అడగను. ఆరేళ్ళ నుంచి మాట్లాడని మనిషిని కాపరి కోసం అడుగుతానా? నువ్వే ఎట్లాగో ఒకట్లా బయటికి లాగు. నాకోసమని మాత్రం తెలియనివ్వకు.

నీ వదిన,
కొండమ్మ

*

సికింద్రాబాదు
17 జనవరి 2001

వదినగారికి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. డ్యూటీలో చదివి నవ్వితే మా వార్డులో ఆపరేషనైన ముసలాయన తనను చూసే నవ్వాననుకుని అలిగారు.

మీరు చెప్పిన పని అయింది గానీ సులువుగా కాలేదు. మా మేట్రన్‌గారి పుట్టినరోజుకి చేయాలని మీ తమ్ముడితో చెప్పాను. "మీ మేట్రను మాంసం ముట్టదు కదా, నువ్వే చెప్పావు" అన్నారు. మేట్రన్‌గారి మరిదికి అన్నాను. "మేట్రన్‌గారి పుట్టినరోజుకి మరిదికి పెడతారా?" అన్నారు. వదినా, అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. ఈ పెళ్ళిలో ఇంతవరకు అవసరం పడలేదు.

చివరికి చెప్పారు. జ్వరాల చార్టు వెనక రాసుకున్నాను, అది ఇందులో పెడుతున్నా. పొట్టేలు ఖీమా కత్తితో కొట్టించాలట. ఉల్లిపాయ ఎర్రగా వేగాక ఖీమా, క్యారెట్ ముక్కలు, చిటికెడు మైదా వేసి, నీళ్ళు ఇగిరేదాకా ఉంచాలి. క్లబ్బులో ఏదో నల్ల సాసు పోస్తారు. పేరు ఆయన మూడుసార్లు పలికారు, మూడూ మూడు రకాలుగా వినపడ్డాయి. దాని బదులు చింతపండు పులుసు చెంచాడు, మిరియాలు వేస్తే సరిపోతుందట. ఇదంతా పళ్ళెంలో పరిచి, పైన ఉడికించిన బంగాళాదుంప మెదిపి కప్పి, పొయ్యిపెట్టెలో, అదే ఓవెన్‌లో, ఎర్రగా కాల్చాలి.

"మరి అత్తగారు బంగళాలో ఇట్లాగే చేసేవారా?" అని మెల్లగా అడిగాను. ఆయన కూర కలపడం ఆపేశారు. "అప్పట్లో ఆ ఊరికి బంగాళాదుంప ఎక్కడొచ్చేది? అమ్మ వేరే దుంప పెట్టేది" అన్నారు. కాబట్టి వదినా, పైన వేయాల్సింది కందగడ్డ. ఉడికించి మెత్తగా మెదపండి. పాలు, వెన్న, ఉప్పు తప్ప ఇంకేమీ కలపవద్దు. ఈ మాట ఆయన గట్టిగా చెప్పారు, అందుకే కింద గీత గీశాను.

ఆ తర్వాత ఆయన చాలాసేపు అత్తగారి గురించే మాట్లాడారు. మీ పేరు ఎత్తలేదు. "మా ఇంట్లో వాళ్ళు" అని రెండుసార్లు అన్నారు. మీ పుట్టింట్లో ఇక మిగిలింది మీరొక్కరే కదా.

మీ మరదలు,
ఆరాధన

*

మిషన్ కాంపౌండు
29 జనవరి 2001

ఆరాధనకి,

నీ మొగుడితో చెప్పు, వాడు గెలిచాడని.

మొన్న శుక్రవారం ముందుగా ఒకసారి చేసి చూద్దామనుకున్నా. పిడుగురాళ్ల సంతలో బరువైన కంద చూసి తెచ్చా. కందకి చింతపండు వెయ్యకపోతే దురద పెడుతుందని నాకు తెలియక కాదు, పుట్టినప్పటి నుంచీ వండుతున్నా. కానీ పాలు, వెన్న, ఉప్పు తప్ప ఇంకేమీ కలపొద్దని గీత గీసి మరీ రాశావు. క్లబ్బు వంటవాడు కదా, దొరల కిటుకేదో ఉండి ఉంటుంది అనుకున్నా. ఆ దుంప మెదుపుతుంటే చేతులు మోచేతుల దాకా దురద. అదీ కిటుకులో భాగమే అనుకున్నా.

మాకు పొయ్యిపెట్టె ఎక్కడిది? పళ్ళెం నెత్తిన పెట్టుకుని నన్నే సాహెబ్ బేకరీకి పోయా. బన్నులు తీశాక పొయ్యి ఇంకా వేడిగా ఉంది. ఆయన మూత తీసి చూసి, "లోపల ఖీమా, పైన కంద. ఎవరి మీదమ్మా ఇంత కోపం?" అన్నాడు. నాకప్పుడైనా బుద్ధి రాలేదు.

పాస్టరుగారినీ నలుగురు సంఘపెద్దలనీ రుచి చూడమన్నా. మొదటి ముద్దకి బాగుందన్నారు. రెండో ముద్దకి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. మూడోదానికి అయిదుగురూ సవరించుకున్నారు. ఒకాయన నాలుక బయటపెట్టి తువ్వాలుతో తుడుచుకున్నాడు. నేను మజ్జిగ కడవ తెచ్చి పెడితే లోటాలు వెతక్కుండా కడవనే ఎత్తారు.

ఆదివారానికి పాస్టరుగారి గొంతు లేవలేదు. నెల రోజుల నుంచి కాపరి మీదే చెబుతున్నాడు, ఆ వారం కూడా కాపరే సిద్ధంగా ఉన్నాడట. చేతులతో సైగలు చేసి, రెండు పాటలు పాడించి, ఆరాధన అరగంటలో ముగించాడు. ఆరాధన అంటే నువ్వు కాదు. గుళ్ళోంచి బయటికి వచ్చే ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని నొక్కి మరీ వెళ్ళారు. ఇంతమంది నన్ను ఒక్కరోజే మెచ్చుకోవడం ఇదే మొదలు.

కానీ నాకు నవ్వు రాలేదమ్మా. ఆరేళ్ళ కిందట మా పెద్దపిల్ల పెళ్ళిలో వాడేం చేశాడో నీకు తెలుసు, నువ్వూ పక్కనే ఉన్నావు. నాలుగు వందల మందికి నా చేత్తో పులావు చేశా. వాడొక ముద్ద తిని, "ఇది పులావా, హాస్టలు పిల్లలకి పోసే ఉప్పు పొంగలా అక్కా?" అన్నాడు. అదీ నా చెవిలో అనకుండా మైకు పక్కన నిలబడి అన్నాడు. వియ్యాలవారి దగ్గర నుంచి రోడ్డు మీద ఆగిన బస్సులోవాళ్ళ దాకా విన్నారు. నేను గరిటె విసిరా. తగల్లేదు, ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత అమ్మ పోయినప్పుడు వచ్చాడు. శవపెట్టెకి ఆ పక్కన వాడు, ఈ పక్కన నేను. ఒక్క మాట లేదు. ఇప్పుడు అమ్మ వంట పేరు చెప్పి కూడా నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. దొరసానమ్మ ముందు కూడా ఇదే జరగాలని వాడి కోరిక కాబోలు. పాస్టరుగారు గొంతు రాకముందే కాగితం మీద రాసి చూపించాడు: "హోటలు మనిషి." ఇరవయ్యో తేదీ దాకా ఆగమన్నా.

ఇక నువ్వేమీ అడక్కు. నాకేమీ వద్దు.

కొండమ్మ

*

సికింద్రాబాదు
6 ఫిబ్రవరి 2001

వదినగారూ,

తప్పంతా నాది. మీ కాళ్ళు పట్టుకుంటాను, కాకపోతే ఆయింట్‌మెంటు రాసిన కాళ్ళు కాబట్టి ఉత్తరంలోనే పట్టుకుంటాను.

మాది మెదక్ కదా. పైన ఎర్రటి తోలు ఉండి, కాల్చుకు తింటే తియ్యగా ఉండే దుంపని మా ఊళ్ళో కందగడ్డ అంటాం. పుట్టినప్పటి నుంచీ నేనెరిగిన పేరు అదే. మీ తమ్ముడు నాతో చిలగడదుంప అనే చెప్పారు. నా చెయ్యి మా ఊరి పేరు రాసింది. మీరు దాన్ని కంద అనుకుంటారని నాకు తట్టనే లేదు. పెళ్ళయి పదమూడేళ్ళయినా ఇంకా ఇట్లాంటివి బయటపడుతూనే ఉన్నాయి.

ఇంకో తప్పు కూడా జరిగింది. మీ ఉత్తరం ఇంటికి తెచ్చుకుని వంటింట్లో చదువుకుంటున్నా. సంఘపెద్దలు కడవ ఎత్తిన చోట నాకు పొలమారింది. నీళ్ళు ఇవ్వడానికి వచ్చిన ఆయన, నీళ్ళు నాకిచ్చి ఉత్తరం తీసుకున్నారు. నిలబడే రెండుసార్లు చదివారు. నవ్వుతారనుకున్నా, నవ్వలేదు. అన్నం తిన్నాక "కలం ఉందా?" అన్నారు. ఈ కాగితం పక్క అంచున రాసింది ఆయనే, నేను ముట్టుకోలేదు.

ఆరాధన

(అంచున, వేరే చేతిరాతలో) అక్కా, కంద కాదు. చిలగడదుంప. అమ్మ వంటలో నేనట్లాంటి పని చేస్తానా? – జయరావు

*

మిషన్ కాంపౌండు
12 ఫిబ్రవరి 2001

ఆరాధనకి,

దుంపల పేర్ల సంగతి అర్థమైంది. నిన్ను ఏమీ అనను. మెదక్‌లో ఇంకా వేటికి ఏం పేర్లున్నాయో ఒక పట్టీ రాసి పంపించు, ముందు ముందు పనికొస్తుంది.

నీ ఉత్తరం అంచున ఎవరో ఏవో గీతలు గీశారు. ఎవరివో నాకు తెలియదు. తెలిస్తే నువ్వు వాళ్ళతో చెప్పు, అక్షరాలు ఇంకా కోడి కెలికినట్టే ఉన్నాయని. చిన్నప్పుడు పలక మీద నేను దిద్దించింది అంతా వృథా అయిందని కూడా చెప్పు.

చిలగడదుంపలతో మొన్న మళ్ళీ చేశా. ఉడికించి మెదిపి కప్పి నన్నే సాహెబ్ పొయ్యిలో పెట్టా. దుంప నీళ్ళు ఊరి, పైనున్నదంతా జారి పళ్ళెంలో ఒక పక్కకి చేరింది. ఇంకో పక్క ఖీమా బోడిగా మిగిలింది. ఈసారి పెద్దలెవరూ రుచి చూడ్డానికి రాలేదు, అందరికీ పొలం పనులట. హాస్టలు పిల్లలకి పెట్టా. వాళ్ళు దాన్ని హల్వా అనుకుని తిని, లోపల మాంసం తగిలేసరికి కెవ్వుమన్నారు. ఖీమా కొట్టిచ్చిన అలీ సాహెబ్ కూడా "ఇంత మంచి మాంసాన్ని తీపి కింద పాతిపెట్టారా?" అని బాధపడ్డాడు.

అంచున గీతలు గీసేవాళ్ళకి తెలిస్తే, ఆ తీపి ఎట్లా చంపాలో, నీళ్ళు ఎట్లా ఊరకుండా చూడాలో గీయమను. నేను అడిగానని మాత్రం చెప్పకు. ఊరికే మాటల్లో వచ్చిందని చెప్పు.

శివరాత్రి దగ్గరికొచ్చింది. ఉపవాసాలవాళ్ళు సంతలో దుంపలన్నీ ఊడ్చుకుపోతున్నారు.

కొండమ్మ

*

సికింద్రాబాదు
17 ఫిబ్రవరి 2001

వదినగారూ,

మాటల్లో వచ్చిందని చెప్పాను. "మా అక్క మాటల్లో ఊరికే ఏదీ రాదు" అన్నారు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. దుంపలు నీళ్ళలో ఉడికించకూడదు. అత్తగారు పొయ్యిలో బూడిద కింద కప్పెట్టి కాల్చేవారట. తోలు నల్లబడి లోపల పొడిపొడిగా అవుతుంది, అప్పుడు జారదు. తీపి చంపడానికి పచ్చిమిరపకాయలు. "ఎన్ని?" అంటే, "అమ్మ గుప్పెళ్ళతో వేసేది" అన్నారు. ఆ గుప్పెళ్ళ మాట నేను నమ్మలేదు. ఇంగ్లీషు ఆవిడకి అంత కారం ఎవరు పెడతారు? మీరే చూసి వేయండి.

వదినా, ఇక నా మాట కూడా వినండి. మీ ఇద్దరి మధ్య పోస్టుమ్యాన్ ఉద్యోగం నాకు చాతకావడం లేదు. రోజూ డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి "ఉత్తరమేమైనా వచ్చిందా?" అంటున్నారు. మొన్న క్లబ్బులో చిలగడదుంపలు బూడిదలో కాల్చి చూశారట, మేనేజరు వచ్చి తిట్టాడట. "ఇది చెబితే అక్కకి రాదు, చేతికి తెలియాలి" అని తిరుగుతున్నారు. వెళ్ళి చూపించి రావచ్చు కదా అంటే, "పిలవని పేరంటానికా?" అన్నారు. మీరు ఒక్క మాట రమ్మంటే వస్తారు. ఇరవైరెండులోపు ఏదో ఒకటి చెప్పండి, సెలవు పెట్టాలి. రమ్మంటే రమ్మనండి, వద్దంటే వద్దనండి. నాకు మాత్రం ఇంకో ఉత్తరం రాసే ఓపిక లేదు.

ఆరాధన

*

సికింద్రాబాదు
22 ఫిబ్రవరి 2001

వదినా,

మీకేమైంది? ఈ మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. "సిస్టర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ఆయన చదివారు. నీళ్ళు తాగమంటే తాగలేదు. క్లబ్బు బట్టలతోనే, ఆ తెల్ల టోపీ కూడా తియ్యకుండా స్టేషనుకి పోయారు. సంచి లేదు, చొక్కా లేదు. నేను వెనకాలే చెప్పులు తీసుకుని పరిగెత్తాను.

పాస్టరుగారి ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. నాకు సెలవు ఇవ్వలేదు. ఇక్కడ నా చేతిలో పేషెంట్ల నాడి ఉంది, కళ్ళ ముందు మీరున్నారు. గుండెనొప్పా? ఎవరైనా డాక్టరుకి చూపించారా? ఈ ఉత్తరం మీరే చదువుతున్నట్టయితే వెంటనే రెండు ముక్కలు రాయండి. కోపాలు, తాపాలు అన్నీ తర్వాత చూసుకుందాం.

ఆరాధన

*

మిషన్ కాంపౌండు
27 ఫిబ్రవరి 2001

ఆరాధనా,

నేను బతికే ఉన్నా. పీరు బూతు నుంచి నీ ఆసుపత్రికి ఫోను చేయించా, కబురు అందిందన్నారు గానీ నమ్మకం లేక వెంటనే రాస్తున్నా. ఈ నాలుగు రోజుల్లో జరిగింది చెప్పాలంటే పేజీలు పడతాయి, కాళ్ళు చాపుకుని కూచుని చదువు.

ముందు టెలిగ్రాం సంగతి. శివరాత్రికి దుంపలన్నీ అయిపోయాయి. ఇరవయ్యో తేదీన పాస్టరుగారు హోటలు మనిషిని ఖాయం చేసేశాడు. ఇంకెందుకు వాడు రావడం అని ఉక్రోషం వచ్చి, మా ఊరి పోస్టాఫీసుకి పోయా. అక్కడ టెలిగ్రాములు కొట్టే హయాత్ ఉన్నాడు. "అక్క సీరియస్‌గా ఉంది, దుంపలు లేవు, రానక్కర్లేదు అని కొట్టు" అన్నా. సీరియస్ అని నేనన్నది కోపం గురించి. "ఇంగ్లీషులో కొట్టాలమ్మా, మాటలు కుదిస్తా" అన్నాడు. కుదించాడు. తర్వాత పోయి అడిగితే తల గోక్కుంటూ, "సీరియస్ తర్వాత స్టార్ట్ ఇమ్మీడియట్లీ దానంతటదే పడిపోయిందమ్మా. ఇరవయ్యేళ్ళ నుంచి సీరియస్ అన్నవాళ్ళెవరూ రావద్దనలేదు" అన్నాడు. వాణ్ణి ఏమనాలి?

శుక్రవారం పొద్దున నీ మొగుడు దిగాడు. ఆ సమయానికి పరీక్షలని హాస్టలు పిల్లల్ని వరండాలో వరసగా కూచోబెట్టి, నోరెత్తితే వీపు పగుల్తుందని చెప్పి లోపలికి పోయా. వీడు గేటు దగ్గర నుంచి చూశాడు. నూట ఇరవైమంది పిల్లలు తలలు వంచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు. అంతే, నేను పోయాననుకున్నాడు. "అక్కా!" అని అరిచిన అరుపుకి సున్నపు బట్టీల దగ్గర పనివాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. నేను గుమ్మడికాయ నరుకుతున్నదాన్ని నరుకుతున్నట్టే కత్తి పట్టుకుని బయటికొచ్చా.

"ఏరా, ఎవరు పోయారు?" అన్నా.

వాడు నన్ను, కత్తిని మార్చి మార్చి చూశాడు. తెల్లటోపీ చెవి మీదికి జారింది. "నువ్వు కాదా?" అన్నాడు.

ఆరేళ్ళ తర్వాత మొదటి మాట అది. పిల్లలు పగలబడి నవ్వారు. వాడు అరుగు మీద కూలబడి ఏడ్చాడు. నేను గుమ్మడికాయ పూర్తిగా నరికి వచ్చా. ఏం చేయాలో తోచలేదమ్మా నాకు. చివరికి చద్దన్నంలో మజ్జిగ పోసి తెచ్చి ముందు పెట్టా. తిన్నాడు. ఉప్పు సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు.

దుంపల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగాం. మూడో ఊళ్ళో బసవమ్మ అనే రైతు తన మిరప చేను గట్టున ఒక్క సాలు దుంప మిగిల్చింది, నాటుకునే తీగ కోసం అట్టే పెట్టుకుందట. "దొరసానమ్మకా? మా పెద్దాడు ఆవిడ చేతిలోనే పుట్టాడు. తవ్వుకోండి, నేను మాత్రం వంగను" అంది. ఇద్దరం తవ్వాం. నా మోకాళ్ళతో నేను కూచుంటే లేవలేను, లేస్తే కూచోలేను. వాడు నా వంతు కూడా తవ్వాడు. నేను మట్టిని చూస్తూ, "ఆ రోజు పులావులో ఉప్పు ఎక్కువైన మాట నిజమే. పెళ్ళి హడావుడిలో రెండుసార్లు వేశా" అన్నా. వాడూ మట్టినే చూస్తూ, "మైకు వేసి ఉందని నాకు తెలియదక్కా. తెలిశాకయినా వచ్చి చెప్పాల్సింది" అన్నాడు. బసవమ్మ గట్టు మీద నుంచి, "తవ్వుతున్నారా, మాట్లాడుతున్నారా?" అని అరిచింది.

శనివారం పొద్దున దుంపలు బూడిదలో కాల్చాడు. అలీ సాహెబ్ ఖీమా కొట్టిచ్చాడు. పచ్చిమిరపకాయల దగ్గర మాత్రం పోట్లాట. అమ్మ గుప్పెడు వేసేదని వాడు, ఎనభయ్యేళ్ళ ముసలామెని చంపుతావా అని నేను. నేనే గెలిచా, ఒక్క కాయ కూడా వెయ్యనివ్వలేదు. నన్నే సాహెబ్ ఆ రోజు బన్నులు ఆపి మరీ పొయ్యి ఇచ్చాడు. పైన ఎర్రగా కాలి, గట్టిగా నిలబడింది. గుంటూరు హోటలు మనిషి కూడా వచ్చాడు, కట్‌లెట్లు తెచ్చాడు. మా పళ్ళెం చూసి తన గిన్నెలకి మూతలు పెట్టుకున్నాడు.

దొరసానమ్మ చిక్కిపోయిన పిట్టలా ఉంది. నన్ను చూడగానే "మిరపకాయల కొండమ్మ!" అంది. ఇంకా తెలుగు మర్చిపోలేదు. బల్ల దగ్గర కూచుని రెండు చెంచాలు తిన్నది. చెంచా కింద పెట్టేసింది. పాస్టరుగారి మొహంలో నెత్తురు లేదు.

"చాలా బాగుంది. కానీ ఇది పుల్లమ్మది కాదు" అంది. "పుల్లమ్మది ఎవరూ తినలేరు. నోరు కాలిపోతుంది."

నీ మొగుడు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశా.

ఆవిడ మెల్లమెల్లగా చెప్పింది. తను వచ్చిన కొత్తలో ఒక ఏడాది వాంతులూ విరేచనాలూ ఊళ్ళని ఊడ్చేశాయట. పొద్దున తన చేతిలో పాలు తాగిన పిల్లలు సాయంత్రానికి ఉండేవాళ్ళు కాదట. జనం ముందు నర్సు ఏడవకూడదు, ఏడిస్తే అందరికీ ధైర్యం పోతుంది. ఒక ఆదివారం అమ్మ ఈ వంటకంలో పొరపాటున కారం ఎక్కువ వేసింది. తింటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వచ్చినవాళ్ళంతా "పాపం, కారం" అన్నారు. ఆవిడ ఆ రోజు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఏడ్చిందట. "ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే కారం. పుల్లమ్మ ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు" అంది.

అప్పుడు వీడన్నాడు: "దొరసానమ్మ డిస్పెన్సరీ నుంచి వస్తుంటే అమ్మ తలుపు సందులోంచి మొహం చూసేది. చూసి, మళ్ళీ పోయి రోట్లో ఇంకో గుప్పెడు వేసేది. ఈవిడంటే అమ్మకి కోపమేమో అనుకునేవాణ్ణి."

నేను వంటింట్లోకి పోయి పచ్చిమిరపకాయలు నూరా. గుప్పెడు. తెచ్చి పళ్ళెం మీద పరిచా. దొరసానమ్మ తిన్నది. ముక్కు ఎర్రబడింది, కళ్ళు కారాయి. పాస్టరుగారు నీళ్ళు, పంచదార పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే చేత్తో పక్కకి నెట్టింది. పళ్ళెం గీకి మరీ తిన్నది. వీడు బల్ల పక్కన నిలబడి తిన్నాడు, వాడి కళ్ళూ కారాయి. నేను ఏడవలేదు. నూరిన చేత్తో కళ్ళు తుడుచుకున్నా, అంతే.

హోటలు మనిషి కూడా ఒక చెంచా అడిగి తిన్నాడు. ఇంతవరకూ అతనికి గొంతు రాలేదట.

దొరసానమ్మ ఆదివారం వెళ్ళిపోయింది. ఈ వంటిల్లు వానొస్తే కారుతుంది కదా, వీడు నిన్నటి నుంచి పైకెక్కి పెంకులు సర్దుతున్నాడు. క్లబ్బులో ఏం చెప్పుకుంటాడో నాకు తెలియదు. ఇంకో వారం ఇక్కడే ఉంటాడు. నిన్ను అడగడం లేదు, చెబుతున్నా. వాడికి ఒంటి మీద ఆ తెల్లకోటు తప్ప ఇంకేమీ లేదు, మా ఆయన పాత పంచె కట్టుకుని తిరుగుతున్నాడు. రెండు చొక్కాలు పార్సిలు చెయ్యి.

పార్సిలు కాదులే. నువ్వే పట్టుకుని రా.

కొండమ్మ వదిన